నయమైనవారికే ప్రవేశం

మా జిల్లా ఆసుపత్రిలో హెపటైటిస్ సి వైద్యం నూటికి నూరుపాళ్లూ సఫలం. రాష్ట్రంలో ఇంకే జిల్లాకీ ఈ ఘనత లేదు. ఇందులో రహస్యమేమీ లేదు, కౌంటరు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. ఆ జబ్బు ఉన్నవాళ్లని అక్కడ చేర్చుకోరు.

నవ్వకండి. ఇది ఒక్కరోజులో పుట్టిన తెలివి కాదు. చదువుకున్నవాళ్లు కూర్చుని, టీలు తాగి, సంతకం మీద సంతకం పెట్టి సాధించిన సంగతి.

ముందు జబ్బు గురించి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. ఇది రక్తంలోంచి రక్తంలోకి పాకే వైరస్. ఒకే సూదితో ఊరంతటికీ పొడిచే ఇంజక్షనాయన దగ్గర, శుభ్రం చెయ్యని పచ్చబొట్టు మిషను దగ్గర అంటుకుంటుంది. అంటుకుని ఏళ్ల తరబడి కిమ్మనకుండా కూర్చుంటుంది. లోపల మాత్రం కాలేయాన్ని కొంచెం కొంచెం గట్టిపరుస్తూ పోతుంది. ఒకప్పుడు దీనికి సూదిమందు ఉండేది; అది పడ్డవాళ్లకి జబ్బే నయమనిపించేది. ఇప్పుడు నేరుగా వైరస్ మీదకే వెళ్లి దాన్ని పెరగనివ్వకుండా చేసే మాత్రలొచ్చాయి. రోజూ వేసుకుంటే మూడు నెలల్లో దాదాపు అందరికీ పోతుంది. మనిషి చేసిన మంచి పనుల్లో ఇదొకటి. ఇంత మంచి పనిని చెడగొట్టడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. దానికి ఒక శాఖ కావాలి.

ఇంకొక్క ముక్క. వైరస్ పోయినా దానితో పోట్లాడిన ఆనవాళ్లు రక్తంలో మిగిలిపోతాయి. అందుకని వేలి చుక్కతో చేసే పట్టీ పరీక్షలో నయమైనవాడికి కూడా చచ్చేదాకా రెండు గీతలు పడుతూనే ఉంటాయి. గీతలు పడితే వైరస్ ఉన్నట్టు కాదు. అది తేల్చడానికి వేరే పెద్ద పరీక్ష ఉంది. ఇంతే వైద్యం. మిగతాదంతా పరిపాలన.

మా జిల్లాకి ఈ కార్యక్రమం అధికారి డాక్టర్ విశ్వంభరరావు. చెడ్డవాడు కాదు. నెలకోసారి తెర మీద రాష్ట్ర స్థాయి మేడమ్ గారు కనబడి సమీక్ష చేస్తారు. ఆ తెర మీద బాగా చేసిన జిల్లాలు పచ్చగా, చెయ్యనివి ఎర్రగా ఉంటాయి. ఒక శుక్రవారం మా జిల్లా మిరపపండులా ఉంది.

"విశ్వంభరరావుగారూ, ఏమిటా ఎరుపు?"

"మేడమ్, కొందరు రోగులు మధ్యలో చెన్నై పనులకి వెళ్లిపోయారు. ఇద్దరు మరీ ముదిరాక వచ్చి చనిపోయారు మేడమ్."

"చూడండి. చనిపోవడం వారి వ్యక్తిగత విషయం. శాతం పడిపోవడం శాఖాపరమైన విషయం. ఆ రెంటినీ కలపకండి. వచ్చే సమీక్షకి మీ జిల్లా నాకు పచ్చగా కనబడాలి."

విశ్వంభరరావు ఇంటికెళ్లి అన్నం తినలేదట. ఆ బాధలో ఉండగా ఆయనకి అసిరయ్య దొరికాడు.

అసిరయ్య పెళ్లి బ్యాండులో డోలు వాయిస్తాడు. నిరుడే మాత్రలు మింగి శుభ్రంగా నయమైపోయాడు. వారపు సంతలో ఉచిత పరీక్షల శిబిరం పెట్టి, వేలు ఇచ్చినవాళ్లకల్లా కోడిగుడ్లు పంచుతున్నారంటే వెళ్లి వేలు ఇచ్చాడు. రెండు గీతలు పడ్డాయి.

"నాకు నిరుడే నయమైపోనాది బాబూ. ఈ గీతలు ఉండిపోతాయని డాక్టరమ్మ సెప్పినాది," అన్నాడు అసిరయ్య.

"గీతలు మాకు చెబుతున్నాయి, నువ్వు చెప్పక్కర్లేదు," అని శిబిరంవాళ్లు అతన్ని మళ్లీ రోగిగా చేర్చేశారు. చేరితే వారం వారం గుడ్లు ఇస్తారు. అసిరయ్య ఇంక వాదించలేదు. మూడు నెలలు మాత్రలిచ్చారు. చివర్న పెద్ద పరీక్ష చేశారు. వైరస్ లేదు. మళ్లీ నయమైపోయాడు!

విశ్వంభరరావు ఆ ఫలితం చూసి అసిరయ్యని గదిలోకి పిలిపించాడు.

"ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందయ్యా?"

"మునుపెలగున్నానో అలగే ఉన్నాను బాబూ."

"నీరసం, వాంతులు, కామెర్లు?"

"నాకెందుకొస్తాయి?"

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. చెన్నై పోలేదు. చావలేదు. ఇంత ఆరోగ్యవంతమైన రోగి తన సర్వీసులో తగల్లేదు. ఇలాంటివాళ్లు జిల్లాలో ఇంకా ఎంతమంది ఉన్నారు? నయమైనవాళ్లంతా ఇలాంటివాళ్లే!

ఆ వారమే ఆశా కార్యకర్తలు ఆటోలు కట్టించుకుని ఊళ్ల మీద పడ్డారు. నయమైన ప్రతివాణ్ణీ వెతికి, వేలు పొడిచి, గుడ్లు చేతిలో పెట్టి తీసుకొచ్చారు. కార్యక్రమం పేరు 'పునర్విజయం'. వాళ్ల మూడు నెలల మాత్రలు ముగిసిన సమీక్షకి మా జిల్లా ఎరుపు వదిలి పసుపుకి వచ్చింది. పూర్తి పచ్చ కాలేదు. ఎందుకంటే గుంపులో అక్కడక్కడా నిజంగా జబ్బున్నవాళ్లు దూరిపోతున్నారు. వాళ్లలో ఒకడు మందు మానేస్తాడు, ఒకడు ఆలస్యంగా వస్తాడు. అందరి శాతమూ చెడగొడతారు.

వీళ్లని ఏరివేయాలి. ఎలా? ఇన్నాళ్లూ ఆలస్యమవుతుందని మొదట్లో చెయ్యకుండా వదిలేసిన పెద్ద పరీక్షనే తెచ్చి గుమ్మంలో పెట్టారు. దానికి 'అర్హత పరీక్ష' అని పేరు. వైరస్ లేనివాళ్లు లోపలికి, ఉన్నవాళ్లు బయటికి. ఇంకో మూడు నెలలు తిరిగేసరికి మా జిల్లా వరిమడిలా పచ్చబడింది.

ఈ పచ్చదనంలోకి చామంతి వచ్చింది.

చామంతి జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. చెల్లెలి కాన్పుకి రక్తం ఇవ్వబోతే, నీ రక్తం పనికిరాదు, నీకు సి ఉంది, పెద్దాసుపత్రికి పో అన్నారు. బట్టీ కార్మికుల సంఘం తరఫున నేనూ వెంట వెళ్లాను. పరీక్షకి రక్తం ఇచ్చి, స్కానింగు తీయించుకుని, ఫలితం వచ్చిన రోజు కౌంటరు దగ్గర నిలబడ్డాం.

"నీ రిపోర్టులో వైరస్ ఉందమ్మా," అన్నాడు గుమాస్తా, ఏదో చెడ్డపని బయటపడ్డట్టు.

"అవును బాబూ. అందుకే వొచ్చినాను."

"వైరస్ ఉన్నవాళ్లకి ఈ పథకం వర్తించదు. నయం చేసుకుని రా."

"నయం సేయించుకోడానికే గదా ఆసుపత్రికొచ్చినాను?"

"వచ్చినవాళ్లందరూ ఇదే మాట. పక్కకి జరుగు, వెనక నయమైనవాళ్లున్నారు."

నాకు ఒళ్లు మండి విశ్వంభరరావు గదిలోకి దూసుకుపోయాను. చామంతి కొంగు సర్దుకుంటూ వెనకే వచ్చింది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

"ఆవేశపడకండి. మీరు పిల్లల్ని పేరున్న కాలేజీలో వేస్తారు కదా. ఆ కాలేజీవాళ్లు ఎవరిని చేర్చుకుంటారు? ముందే ర్యాంకు వచ్చేవాణ్ణి. వాడికి ర్యాంకు వచ్చాక ఫోటో వేసుకుంటారు. మొద్దుని చేర్చుకుంటే కాలేజీ పరువేం కాను? మాదీ ఉన్నత ప్రమాణాల కేంద్రం. ఈమెని మెరిట్ మీద రమ్మనండి, కాదంటే నన్నడగండి."

"అంటే జబ్బు తగ్గాక రమ్మంటారా?"

"అర్హత సాధించాక రమ్మంటున్నాను. భాష జాగ్రత్త."

వరండాలో డ్యూటీ డాక్టరు రుక్సానా ఎదురైంది. చామంతి స్కానింగు చూసి గోడవారగా నిలబెట్టి చెప్పింది. "లివరు గట్టిపడ్డం మొదలైందమ్మా. ఇప్పుడు మందు పడితే ఆగుతుంది. ఆలస్యం చేస్తే వెనక్కి తేవడం నా చేతుల్లో ఉండదు." మాత్ర పేరు చీటీ మీద రాసిచ్చింది. చీటీ పట్టుకెళితే మందుల కిటికీ దగ్గర, అర్హత ముద్ర లేదని తిప్పి పంపేశారు.

చామంతి మెట్ల మీద కూలబడింది. అప్పుడే అసిరయ్య గుడ్ల అట్ట చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. చామంతికి అతను మేనమామ కొడుకు.

"ఏటలగ కూకున్నావు? మొగుడు తన్నేడేటి?"

"తన్నితే ఆయన్ని నాను తంతాను. వీల్లనేటి సెయ్యను బావా? జబ్బుంటే రావొద్దంటన్నారు."

"మరి? నాలాగ జబ్బు నేకుండా రావాల. పద్ధతి తెలీదు నీకు." నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. జేబులోంచి మాత్రల డబ్బా తీసి ఆమె ఒళ్లో పడేశాడు. "ఇవి మింగు. మూడోసారి నయమవతన్నాను, నాకు బోరు కొట్టేసినాది."

రుక్సానా ఇదంతా చూసింది. డబ్బా తీసుకుని తన చీటీతో పోల్చి చూసింది. "నేనేమీ వినలేదు. కానీ మాత్ర ఇదే. ఇంకే మందులు వాడుతున్నావో చెప్పు. నెలకోసారి నాకు కనబడు," అని చామంతికి మాత్రం వినబడేలా అనేసి వెళ్లిపోయింది.

ఆ విధంగా మా జిల్లాలో ఒక రోగికి వైద్యం మొదలైంది, ఎవరికీ తెలియకుండా.

ఇంతలో మా పచ్చదనం దేశానికి పాకింది. ఏదో పెద్ద పరిశోధనా సంస్థ నుంచి ఒక ప్రొఫెసరు, వెంట నలుగురు, రెండు ఐసు పెట్టెలు దిగాయి. నూటికి నూరు ఎలా సాధ్యం? నీళ్లలో ఉందా, జన్యువుల్లో ఉందా? కేంద్రంలో చేరినవాళ్ల రక్తం మాత్రలు మొదలెట్టకముందూ, మొదలెట్టాకా తీశారు. వారం తర్వాత మీటింగు హాల్లో ప్రొఫెసరు మైకు అందుకున్నాడు.

"మిత్రులారా! ఈ జిల్లాలో మొదటి మాత్ర మింగకముందే వైరస్ మాయమవుతోంది. మందు వస్తున్నదని తెలియగానే వైరస్ పలాయనం చిత్తగిస్తోంది. దీనికి మేము 'ముందస్తు స్పందన' అని నామకరణం చేస్తున్నాం."

చప్పట్లు. విశ్వంభరరావు కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక రోగి విషయంలో మరీ అద్భుతం. అసిరయ్య అనే వ్యక్తి రక్తంలో వైరస్ లేదు. మందు జాడ కూడా లేదు. మందు లేకుండానే మందు పనిచేస్తోంది!"

ఈసారి విశ్వంభరరావు చప్పట్లు కొట్టలేదు. తను ప్రొఫెసరు కాకపోయినా, మందు ఒంట్లో లేకపోతే ఇంకెక్కడో ఉండాలని ఆయనకి తెలుసు. విచారణ జరిపించాడు. అసిరయ్యే కాదు, నయమైనవాళ్లలో చాలామంది మాత్రల్ని చుట్టపక్కాల్లో జబ్బున్నవాళ్లకి ఇచ్చేస్తున్నారని తేలింది. మర్నాడు గోడ మీద ఉత్తర్వు అంటించారు:

'కేంద్రము ద్వారా నయమైనవారికి ఉద్దేశించిన మాత్రలను కొందరు వ్యాధిగ్రస్తులు మింగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఔషధమును రోగములకు వాడుట తీవ్రమైన దుర్వినియోగముగా పరిగణించబడును. ఇకపై ప్రతి ఉదయము సిబ్బంది ఎదుటనే మాత్ర మింగి, నోరు తెరచి, నాలుక ఎత్తి చూపవలెను.'

చామంతి దగ్గర మాత్రలు అయిపోయాయి. మధ్యలో ఆగకూడదని రుక్సానా గట్టిగా చెప్పి ఉంది. అసిరయ్య ఆ పొద్దున్న మాత్ర దవడలో దాచబోతే అటెండరు వేలుపెట్టి లోపలికి తోసేశాడు. అసిరయ్య బయటికొచ్చి ఉమ్మేసి, "ఓలమ్మ, నా నోరు నాది కాకుండా పోనాదిరా!" అని కేకపెట్టాడు.

మర్నాడు నయమైనవాళ్లెవరూ నోరు తెరవలేదు.

సమ్మె! నేను చేసిందల్లా సంఘం బల్లా, మైకూ తెచ్చి పడేయడం. మిగతాది అసిరయ్య చూసుకున్నాడు. బ్యాండు మొత్తాన్ని దింపాడు. విశ్వంభరరావు గదిలోంచి తొంగిచూసినప్పుడల్లా పెళ్లికూతుర్ని మండపానికి తీసుకొచ్చే మోత అందుకుంటారు. పాపం, ఆయన తల లోపలికి లాక్కుంటాడు. ఓపీకి వచ్చిన ముసలమ్మలు లోపలెవరిదో పెళ్లనుకుని అక్షింతలడిగారు.

శుక్రవారం సమీక్ష ముంచుకొస్తోంది. మందు మధ్యలో మానేసిన ప్రతివాడూ ఓటమి కిందే లెక్క. పచ్చ జిల్లా ఒక్కసారి మళ్లీ మిరపపండు అవుతుంది. విశ్వంభరరావు వరండాలోకి రాక తప్పలేదు.

"అసిరయ్యా! నువ్వు మా కేంద్రానికి గర్వకారణం. ఎన్నిసార్లు నయం చేశాం నిన్ను! ఇదేనా కృతజ్ఞత?"

"ఇంక నయమవను బాబూ. నన్నొగ్గేయండి."

"ఏం కావాలో చెప్పు."

"మా చామంతికి మాత్రలియ్యండి."

"ఆమెకి జబ్బుందయ్యా!" అని అరిచేశాడు డాక్టరు. "జబ్బున్న మనిషికి మందిచ్చానని పైవాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చామంతి అంతదాకా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మాత్రలు లేక అది ఎన్నో రోజో ఆమెకి తెలుసు. "బాబూ, నాకు సచ్చిపోవాలని నేదు," అంది, పోట్లాటలాగ కాదు, బట్టీలో మేస్త్రీకి సెలవు చెప్పినంత మామూలుగా. "మీ శాతం నాకు తెలీదు. నాను బతికితే మీ శాతానికేటి నొప్పి?"

అప్పుడు వరండాలో ఒకావిడ మొగుణ్ణి స్ట్రెచ్చరు మీద తోసుకుంటూ మా మధ్యనుంచి వెళ్లింది. వెనక ఆమె కూతురు సెలైను సీసా చెయ్యెత్తి పట్టుకుని పరిగెడుతోంది. అసిరయ్య వాళ్లకి దారిచ్చి, వెళ్తున్నవైపే చూస్తూ ఉండిపోయాడు.

"బాబూ, ఈ ఆసుపత్రిలో స్ట్రెచ్చరు తోసీదెవరు?"

"రోగి సహాయకులు. సిబ్బంది కొరత, తెలుసుగా."

"సెలైను సీసా పట్టుకునీది?"

"సహాయకులే."

"రగతం సీసా లేబుకి మోసీది, రిపోర్టు తెచ్చీది, మంచం కింద తుడిసీది?"

"అన్నీ సహాయకులేనయ్యా! అయితే ఏమిటి?"

"అన్నీ ఆలే సేస్తంటే మాత్రొకటీ రోగి మింగాలేటి బాబూ? అదీ సహాయకులే మింగుతారు. నాను మింగలేను, వెగటు. మా చామంతి నాకు సహాయం."

నేను నవ్వాను. విశ్వంభరరావు నవ్వలేదు. ఆయన మొహంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది. గోడ మీద సందర్శకుల నిబంధనల బోర్డు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి చదివాడు. 'రోగి స్వయముగా చేసుకొనలేని పనులన్నియు రోగి సహాయకులు నిర్వర్తించవలెను.'

"అన్నియు," అన్నాడు ఆయన. మళ్లీ చదివాడు. "అన్నియు అనే ఉంది."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. నమోదైన ప్రతి రోగీ, అనగా నయమైన వ్యక్తి, ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చును. రోగి తన అశక్తతను నోటిమాటగా తెలిపినచో, మింగుట అను పనిని సహాయకుడు నిర్వర్తించవచ్చును. సహాయకుడికి అర్హత పరీక్ష అవసరం లేదు, ఎందుకంటే సహాయకుడు రోగి కాడు.

రుక్సానా ఆ కాగితం రెండుసార్లు చదివి, తల పట్టుకుని, తర్వాత గబగబా చామంతి దగ్గరికి వెళ్లింది. "మధ్యలో గ్యాపు వచ్చింది. మళ్లీ మొదటినుంచి వేద్దాం. ఈసారి ఒక్కరోజు తప్పినా నీ బట్టీకొచ్చి కొడతాను."

మర్నాటినుంచి మా ఆసుపత్రి చూడాలి. అసిరయ్య మంచం మీద కాలు మీద కాలేసుకుని పడుకుంటాడు. పక్కన చామంతి నిలబడుతుంది. అటెండరు వస్తాడు.

"రోగి?"

"ఉన్నాను."

"సహాయకురాలు, నోరు తెరువు. నాలిక ఎత్తు. పో."

"బావా, నీ జబ్బుకి నా నోరు సేదెక్కిపోతన్నాది," అంటుంది చామంతి.

"నీ జబ్బుకి నా నడుం పట్టేసినాది, రోజూ ఈ మంచం మీద. పిర్యాదు సెయ్యకు."

శుక్రవారం తెర మీద మేడమ్ గారు కనుబొమలు ఎగరేశారు. "విశ్వంభరరావుగారూ, సహాయకులు మింగడమేమిటి?"

"కుటుంబ భాగస్వామ్య నమూనా మేడమ్. రోగిపై మాత్రల భారం తగ్గించాం. ఒక్క దుష్ఫలితం కూడా నమోదు కాలేదు."

"చాలా బాగుంది. అన్ని జిల్లాలకీ పంపించండి."

మాత్రల కోర్సు పూర్తయింది. ఆ తర్వాత ఆగవలసినన్నాళ్లు ఆగి, రుక్సానా చామంతి రక్తం తీసి పెద్ద పరీక్షకి పంపింది. అసిరయ్య ఫలితం అప్పటికే వచ్చేసింది. అతను మళ్లీ నయమయ్యాడు, శాలువా కప్పారు. చామంతి ఫలితం కోసం ఎవరూ ఎదురుచూడలేదు, మేం తప్ప. ఆ పొద్దున్న చామంతి బట్టీకి సెలవు పెట్టి వచ్చి వరండాలో కూర్చుంది. గోరు కొరుక్కుంటూనే ఉంది. వరండా నిండా మనుషులు. వాళ్లంతా జబ్బున్నవాళ్లే. డాక్టరు కోసం కాదు, లోపలికి తీసుకెళ్లే నయమైనవాడెవడైనా దొరుకుతాడేమోనని కాచుకుని ఉన్నారు.

రుక్సానా కాగితం పట్టుకుని వచ్చింది. "కనబడలేదు."

"ఏటి కనబడనేదమ్మా?"

"వైరస్."

చామంతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముక్కు చీదుకుని, "ఇప్పుడెల్తే మద్దేనం పని దొరుకుతాది," అని లేచింది.

అంతలో కౌంటరు గుమాస్తా పరుగున వచ్చాడు. ఫలితాలు వాళ్లకి మాకంటే ముందే తెలుస్తాయి. "చామంతిగారూ! అభినందనలు. మీకు అర్హత వచ్చింది. సారు మిమ్మల్ని వెంటనే రోగిగా చేర్చుకోమన్నారు. రండి, గుడ్లు కూడా ఉన్నాయి."

"నాకు జబ్బు నేదు బాబూ."

"అదే కదా! రండి."

"మీకూ నాకూ రుణం తీరిపోనాది, నానెల్తాను," అని చామంతి మెట్లు దిగబోయింది. చివరి మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. చామంతి ఈడే. చెయ్యి నిండా పచ్చబొట్టు, ఒళ్లో స్కానింగు కవరు. చామంతి చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆపింది.

"అక్కా, నీకు నయమైపోనాదా?"

"అయిపోనాది."

"అయితే నన్ను తీసుకెల్లవా?"

చామంతి గేటువైపు చూసింది. ఎండ ఎంత ఎక్కిందో చూసింది. సగం రోజు కూలి పోయినట్టేనని ఆమెకి తెలుసు. "లే, లేచి రా," అని ఆ పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది.

గుమాస్తా పెన్ను తీశాడు. "రోగి పేరు?"

"దుంపల చామంతి."

"జబ్బు?"

"నేదు."

"సహాయకురాలి పేరు?"

చామంతి పక్కకి తిరిగి, "నీ పేరేటమ్మా?" అని అడిగింది.

"కనకరత్నం."

"జబ్బు?"

"ఉన్నాది బాబూ."

"అన్నీ సరిగ్గా ఉన్నాయి," అన్నాడు గుమాస్తా, మాత్రల డబ్బా విప్పుతూ. "రోగి అలా మంచం మీద పడుకోండి. సహాయకురాలు, నోరు తెరువు."